మాట రాని పిల్లవాడూ, పేరు తెలియని చదువూ

మహానంది నుంచి ఒక అమ్మాయి రాసిన ఉత్తరం నాలుగు రోజులుగా నా బల్లమీదే ఉంది. పేరు వేయవద్దన్నది గనుక వేయను. తండ్రికి కొండకింద అరటితోట. పిల్ల ఇంటర్‌లో బై.పి.సి. చదివింది, డాక్టరు సీటు రాలేదు. ఊళ్ళోనే వ్యవసాయ కళాశాల ఉండగా దూరాభారం ఎందుకని తండ్రి అభిప్రాయం. అమ్మాయికేమో సికిందరాబాదులో ‘ఆడియాలజీ, స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ’ అనే డిగ్రీలో సీటు వచ్చింది.

“ఆ పేరు పలకడం మా నాన్నకు రాదు, అదేమిటో చెప్పడం నాకు రాదు. మూగోళ్ళకు మాటలు నేర్పే పంతులమ్మవయితే రేపు సంబంధాలొచ్చినప్పుడు ఏమని చెప్పుకోవాల అంటోంది మా జేజి. చేరమంటారా, మానమంటారా?”

ప్రశ్న ఇదీ. కాని ఉత్తరం చివర, కాగితం అంచున, సన్నటి అక్షరాలతో ఇంకో సంగతి ఉంది. మేనమామ కొడుక్కి మూడున్నరేళ్ళు నిండాయి, ఒక్క మాట రాదు. “వాళ్ళ తాతకూ ఐదేళ్ళకే వచ్చాయి” అని పెద్దవాళ్ళు ఊరుకున్నారట. తలుపు ధడాలున పడితే తిరిగి చూస్తాడు గనుక చెవుడు కాదని తేల్చారట. స్వామికి మొక్కుకున్నారట.

అమ్మాయీ, నీ సీటు సంగతి తరవాత. ముందు ఆ పిల్లవాణ్ణి పరీక్ష చేయించండి.

తలుపు చప్పుడుకు తిరిగినంత మాత్రాన చెవి బాగున్నట్లు కాదు. పెద్ద చప్పుడు నేల అదురుతో ఒంటికి తెలుస్తుంది. పైగా చెవుడంటే అందరికీ నిండు చెవుడే కాదు. కొందరికి బండ ధ్వనులు వినిపిస్తాయి, సన్నవి వినిపించవు. డప్పు వినిపిస్తుంది, ‘స’, ‘ష’, ‘త’ వినిపించవు. వాళ్ళకు మన మాట సగం అక్షరాలు చెరిగిపోయిన ఉత్తరంలా అందుతుంది. దాన్ని విని ఎలా నేర్చుకుంటారు? మూగవాడని మనం అనుకునే పిల్లల్లో చాలామందికి గొంతు శుభ్రంగానే ఉంటుంది, లోపమంతా చెవిలో. మీ కోనేటి అడుగున పడ్డ రూపాయి బిళ్ళ పైకి కనిపిస్తుందే, పిల్లవాడి చెవిలోపం అలా కనిపించేది కాదు.

పరీక్షకు కోత లేదు, నొప్పి లేదు. నిద్రపోతున్న పిల్లవాడి చెవిలో చిన్న గొట్టం పెట్టి సన్నటి ధ్వని పంపిస్తారు. లోపలి చెవి పనిచేస్తుంటే తిరుగు ధ్వని వస్తుంది. ఇంకో పరీక్షలో తలకు తీగలు అంటించి, చప్పుడు మెదడుదాకా చేరుతున్నదో లేదో చూస్తారు. నెల లోపు పరీక్ష, మూడో నెలకు నిర్ధారణ, ఆరో నెలకు చికిత్స మొదలు కావాలని నేటి వైద్యుల మాట. మీవాడికి మూడున్నరేళ్ళు! మాటలు పట్టే వయసు కళ్ళముందే జారిపోతున్నది. లోపం పెద్దదైతే చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంటుకు లక్షలవుతాయి. ఆరోగ్యశ్రీ వంటి పథకాలు చిన్నపిల్లలకు ఆ ఖర్చు భరించాయి గాని, వాటికి వయసు హద్దు ఉంటుంది. చెవి బాగుందని తేలితే మరీ మంచిది, మాట రాకపోవడానికి వేరే కారణం వెతుకుతారు. మొక్కు తీర్చుకోండి, ఎవరొద్దన్నారు? అటునుంచి అటే నంద్యాల మీదుగా కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్ళండి.

ఒకమాట మీ జేజి వినేట్టు చెప్పు. మామయ్య చేసుకున్నది మీ పెద్దమ్మ కూతురినే అని రాశావు. దగ్గరి మేనరికాల్లో పుట్టుచెవుడు రావడానికి అవకాశం ఎక్కువ. అలా వచ్చేది చాలాసార్లు తల్లి నుంచీ తండ్రి నుంచీ చెరిసగం వస్తుంది. ఆ పిల్లను ఒక్కతెనే దోషిని చేసి మాట్లాడవద్దని నా మనవి.

ఇక నీ చదువు. నేను పైన చెప్పినదంతా ఆ చదువే! నాలుగేళ్ళు, చివరి ఏడాదంతా రోగుల దగ్గర పని. చెవి, గొంతు, మెదడు నిర్మాణం, ధ్వని శాస్త్రం, భాషాశాస్త్రం, మనస్తత్వశాస్త్రం అన్నీ ఉంటాయి. మైసూరులో ఇందుకోసం 1965లోనే అఖిల భారత వాక్శ్రవణ సంస్థ వెలిసింది. 1983లో బొంబాయిలో పెట్టిన జాతీయ సంస్థకు మన హైదరాబాదు ఆలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. ఉస్మానియాకు వైస్ ఛాన్సలరు, ఆ తరవాత మహారాష్ట్ర గవర్నరు ఆయన. దాని శాఖ సికిందరాబాదులో ఉంది. నీకు సీటిచ్చిన కళాశాల ఏదైనా, దానికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నదీ లేనిదీ చూసుకుని మరీ డబ్బు కట్టు. 1992 నాటి చట్టం ప్రకారం ఆ కౌన్సిల్ పట్టీలో పేరెక్కితేనే ఈ వృత్తి చేయాలి.

చిన్నపిల్లల పని ఒక్కటే కాదు. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన తాతగారు, మింగితే పొలమారే ముసలమ్మ, నత్తి ఉన్న కుర్రవాడు, గొంతు పోగొట్టుకున్న పంతులుగారు, అందరూ నీ దగ్గరికే వస్తారు.

నువ్వు సీమపిల్లవు కావడం ఇందులో ఒక లాభం. పుస్తకాలు ఇంగ్లీషువి. “సెప్పు”, “సూడు” అనే పిల్లవాణ్ణి చూసి, వాడికి ‘చ’ పలకడం రాదని ఊరెరగని వాళ్ళు రాసేసుకోవచ్చు. అది వాడి ఇంటిభాషో, నాలుక లోపమో తెలిసేది నీలాంటివాళ్ళకే. రెండున్నరేళ్ళ పిల్ల రాముణ్ణి ‘లాముడు’ అంటే కంగారుపడనక్కరలేదు, ‘ర’ ఆలస్యంగానే వస్తుంది. ఏడేళ్ళ పిల్ల అంటే చూడాలి.

కష్టమూ చెబుతాను. ఒక్క అక్షరం పలికించడానికి వారాలు పట్టవచ్చు. తల్లులు ఇంట్లో సాధన చేయించకుండా వచ్చి నీమీద విసుక్కుంటారు. మొదట్లో జీతం డాక్టరు జీతం కాదు. కొందరు పిల్లలకు చేతి సైగల భాషే దారి అవుతుంది; అదీ భాషే, దాన్ని చిన్నచూపు చూసేవాళ్ళు ఈ పనికి రాకపోవడమే మేలు. వ్యవసాయం చదవాలని నీకే మనసుంటే అదీ మంచి చదువే. కాని ఉత్తరంలో తోట గురించి నువ్వు రాసింది ఒక్క వాక్యం, ఆ పిల్లవాడి గురించి ఒక పేజీ. నా మాట అడిగితే, చేరు.

సంబంధాలవాళ్ళకు ఏం చెప్పాలంటావా? చెవి, మాట పరీక్షించే ఆసుపత్రి ఉద్యోగానికి చదువుతోందని చెప్పమను. అంతకంటే చిక్కు పేర్ల ఇంజనీరింగు చదువులకు అల్లుళ్ళు దొరకలేదా?

ఈ పేజీ మీ నాన్నగారికి చదివి వినిపించు. కర్నూలుకు ఏ రోజు వెళ్ళారో, పరీక్షలో ఏం తేలిందో నాకు తప్పక రాయి.