పుట్టినింటి కారు

తలిదండ్రులు విడిచిపోయిన వస్తువులలో కొన్నింటిని పంచుకొనుట సులభము. బంగారమును తూచి పంచుకొందుము; పొలమును కొలిచి పంచుకొందుము. కొట్టములో నిలిచియున్న పాత కారు మాత్రము తూనికకును కొలతకును లొంగదు. దానిని గూర్చియే గుంటూరు జిల్లానుండి యొక సోదరి మాకు వ్రాసినారు.

ఆమె యుత్తరము సారాంశమిది: తండ్రిగారు 1968లో కొనిన ఫియట్ కారు పుట్టినింట తొమ్మిదేండ్లుగా కదలక యున్నది. ఆయన యిటీవల కాలము చేసినారు. తల్లిగారు ప్రతిదినమును దాని దుమ్ము తుడిచి, శుక్రవారమునాడు కుంకుమ బొట్టు పెట్టుచున్నారు. అమెరికాలోనున్న అన్నగారు పాత యినుమునకు వేసివేయుమనుచున్నారు. తమ్ముడు నిలువెల్ల బాగుచేయించి కొత్తదానివలె చేయుదమనుచున్నాడు గాని, సొమ్ము మాట యెత్తడు. ఈమెకు కారు నడుపుట వచ్చును. ఏమి చేయవలెనని ప్రశ్న. ఇట్టి చిక్కు మరికొన్ని యిండ్లలోను ఉండునని తోచి, యిందు సవిస్తరముగ ప్రత్యుత్తర మిచ్చుచున్నాము.

మొదట ఆ కారు మర్యాద నెరుగవలెను. బొంబాయిలోని కుర్లా కర్మాగారమున ప్రీమియరు కంపెనీవారు 1964 నుండి ఫియట్ 1100 డిలైట్ అను ఈ బండిని తయారుచేసిరి. 1974లో దీనికే ప్రీమియర్ పద్మిని యని పేరు పెట్టిరి. ఆ దినములలో సొమ్ము కట్టినంతమాత్రమున కారు వచ్చునది కాదు. పేరు నమోదు చేయించుకొని యేండ్ల తరబడి వేచియుండవలసి వచ్చెడిది. అట్లు తెచ్చుకొనిన కారులో పిల్లలు బడికి వెళ్లిరి, కోడండ్రు గృహప్రవేశము చేసిరి. కనుక తల్లిగారు పెట్టు కుంకుమను ఎవరును నవ్వరాదు. అయినను, బొట్టు పెట్టినంతనే త్రుప్పు ఆగదు.

ఇక కారెవరిది యను మాట. పుట్టినింటినుండి ఆడపిల్లకు నగలు వచ్చును, మగపిల్లలకు బండ్లు వచ్చును అను తలంపు మనలో నింకను గలదు. ధర్మమట్లు లేదు. తండ్రిగారు వీలునామా వ్రాయక, స్వార్జితమును విడిచిపోయినచో, 1956నాటి హిందూ వారసత్వ చట్టము ననుసరించి భార్యకును, ప్రతి కుమారునకును, ప్రతి కుమార్తెకును సమాన భాగము కలదు. కావున అన్నగారొక్కరు అమ్మివేయుటకును వీలు లేదు; ఈ సోదరి యొక్కతె తెచ్చుకొనుటకును వీలు లేదు. అందరి సమ్మతిని కాగితముపై తీసికొని, రవాణా కార్యాలయమున 31వ నమూనా దరఖాస్తుతో పేరు మార్పించుకొనవలెను. యజమాని మరణించిన 30 దినములలో ఆ సంగతి తెలిపి, 3 మాసములలో దరఖాస్తు చేయవలెనని నియమము. గడువు దాటియున్నచో ఇంకను ఆలస్యము చేయరాదు.

అటుపిమ్మట కారును పరీక్షింపవలెను. చాలమంది పైరంగును, లోపలి సీట్లను, ఇంజనును జూచి నిర్ణయింతురు. ఇది సరికాదు. ఇంజను చెడినను బాగుపడును. దానిని విప్పి, లేత్ మిషనుమీద పని చేయించి, మరల కూర్చు నేర్పరులు విజయవాడ ఆటోనగరులో నింకను గలరు. ఈ జాతి కార్లు ఏండ్లకొలది బొంబాయి టాక్సీలుగా తిరిగినవి. 2023 అక్టోబరుతో చివరి టాక్సీకి కాలపరిమితి తీరినను, విడిభాగములు వెదకినచో దొరకును. చూడవలసినది కారు అడుగుభాగము. లారీకివలె దీనికి చాసిస్సు వేరు, బాడీ వేరు కాదు, రెండును ఒక్కటే. తలుపుల క్రింద గడపవలె నుండు భాగము, కాళ్లు మోపు రేకు, చక్రముల పైకమాను ఇవియే కారును నిలబెట్టు ఎముకలు. బండిని భద్రముగ పైకెత్తించి, స్క్రూడ్రైవరు మొనతో అచ్చటచ్చట పొడిపింపుడు. రేకు గట్టిగ నిలిచిన మంచిదే. మొన లోనికి దిగిన, పైరంగెంత మెరిసినను ఆ కారు చెదపట్టిన దూలము వంటిది.

ఒక హెచ్చరిక. ఉత్సాహముకొలది కొత్త బ్యాటరీ తెచ్చి వెంటనే ఇంజను నడిపింపవలదు. తొమ్మిదేండ్ల పెట్రోలు జిగురై గొట్టములను పూడ్చియుండును; సిలిండర్ల లోపల త్రుప్పు పట్టియుండవచ్చును. ప్లగ్గులు తీసి, కొంచెము నూనె పోసి, నానిన పిదప చేతితో మెల్లగా త్రిప్పి చూడవలెను. ఎలుకలు తీగలను కొరికియున్నచో మంటలకు కారణమగును. ఇంజను తిరిగినను, బ్రేకులు బాగుపడకుండ వాకిలి దాటింపరాదు. మరియు 2025 నాటికి మన పెట్రోలులో నూటికి 20 పాళ్ల వరకు ఇథనాలు కలియుచున్నది. అది పాత రబ్బరు గొట్టములను చెరచును. వానిని మార్పింపక తప్పదు.

ఇప్పుడు మన యెదుట మూడు త్రోవలున్నవి. మొదటిది, తమ్ముడు కోరినట్లు నిలువెల్ల విప్పి కొత్తది చేయించుట. టింకరింగు పనిలో పాతరంగు గీకిన పిదపగాని త్రుప్పు లోతు తెలియదు. కనుక మొదట చెప్పిన లెక్క చివర నిలుచుట అరుదు. పెట్టిన సొమ్ము అమ్మకములో తిరిగి వచ్చునని ఆశింపరాదు. పైగా కొత్త మెరుగుతో, తండ్రిగారి చేయి సోకి నునుపెక్కిన స్టీరింగు చక్రము, పిల్లలు గీచిన గీతలు పోవును. తల్లిగారు తుడుచుచున్నది వానినే గదా!

రెండవ త్రోవ, కొత్తది చేయక, క్షేమముగ నడుచునట్లు చేయుట. బ్రేకులు, టైర్లు, విద్యుత్తీగలు, పెట్రోలు గొట్టములు బాగుచేయించి, త్రుప్పు పాకకుండ ఆపి, తక్కినదంతయు ఉన్నదున్నట్లు ఉంచుట. మూడవది, ఇచ్చివేయుట. నడుపుకొను ఆసక్తిగల వానికి విక్రయింపవచ్చును. లేదా ప్రభుత్వమువద్ద నమోదైన తుక్కు కేంద్రమునకు అప్పగించి, రిజిస్ట్రేషను రద్దు చేయింపవచ్చును. ఊరూర తిరుగు పాతసామానువానికి ఊరక తోలివేసిన, కాగితము మాత్రము మన పేరనే నిలిచి చిక్కులు తెచ్చును.

త్రోవ నెంచుటకు ముందు రిజిస్ట్రేషను సంగతియు తెలిసికొనవలెను. సొంత కార్లకు మొదట 15 సంవత్సరములు, పిమ్మట పరీక్షించి 5 సంవత్సరముల కొకమారు పొడిగింపు. ఇదిగాక 50 సంవత్సరములు దాటి, మూలరూపమున నున్న కార్లను వింటేజి వాహనములుగా నమోదు చేయుటకు 2021లో ప్రత్యేక నియమములు వచ్చినవి. ఈ కారు వయస్సుచేత దానికి తగును. కాని చాసిస్సు, బాడీ, ఇంజను విశేషముగా మార్చినచో ఆ యర్హత పోవును. పైగా అట్లు నమోదైన కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తప్ప నిత్యవ్యవహారమునకు వాడరాదు. తల్లిగారిని శుక్రవారము గుడికి తీసికొనిపోవలెనన్న, సాధారణ రిజిస్ట్రేషనే కావలెను. కనుక కారెందులకు అను ప్రశ్నకు ముందు జవాబు చెప్పుకొని, పిమ్మటనే కార్యాలయమునకు వెళ్లవలెను.

హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున పసుపుపచ్చని రోల్సురాయిస్ కారొకటి ప్రదర్శనలో నున్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ గారి కొరకు చేయించినది. ఆయన 1911లో గతించినందున దాని నెక్కలేదు. నడువని కారును నూరేండ్లు నిలుపుటకు ప్రాసాదమును, పరిచారకులును గావలెను. మన యిండ్లలో కారును నిలుపునది వాడుకయే. వారమున కొకమారు పది మైళ్లు తిరుగు కారు బ్రతుకును; కొట్టములో పూజలందుకొను కారు ప్రతి వానకాలమునకును కొంత చచ్చును.

కావున సోదరికి మా యభిప్రాయ మిది. అడుగు రేకు గట్టిగ నున్నచో రెండవ త్రోవనే పోవుడు. అయితే మూడు మాటలు ముందే స్థిరపరచుకొనవలెను. అన్నదమ్ముల సమ్మతి కాగితముపై నుండవలెను. ఖర్చున కొక హద్దు వ్రాసికొని, మేస్త్రీకి పని జరిగిన కొలదియే సొమ్మియ్యవలెను. వారమున కొకమారు తప్పక నడుపుదునని మీరు మీకే మాట యిచ్చుకొనవలెను. మీరుండు ఊరు దూరమై, ఈ మూడవది సాధ్యము కాదన్నచో, మిగిలిన రెండును వ్యర్థము. ఇంటిలో నడుపువారు లేని కారును బాగుచేయుట, తినువారు లేని వంట వండుట వంటిది.

అడుగు పుచ్చియున్నచో మూడవ త్రోవ. అప్పుడు అన్నగారి మాటయే నిజము. కాని చేయు తీరు వేరు. తల్లిగారిని ముందు కూర్చుండబెట్టి మాటాడుడు. ఆమెకు కావలసినది కారా, ఆ కారు ప్రక్కన కూర్చుండి తలపోసికొను ఘడియయా యని మెల్లగ అడుగుడు. స్టీరింగు చక్రమును, ముందరి పేరుబిళ్లను తీసి ఇంట నుంచుకొనవచ్చును. బిడ్డలందరును మనుమలతో చేరి ఫొటో తీయించుకొని, ఆమె చేతులమీదుగనే సాగనంపుడు. తల్లికి తెలియకుండ, ఆమె నిద్రలేచుసరికి కొట్టము ఖాళీ చేయుట మాత్రము ఎన్నడును తగదు.

బాగుచేయించుటయు తప్పు కాదు, ఇచ్చివేయుటయు తప్పు కాదు. ఏదియు తేల్చక, ఇంకొక యేడు చూతమనుచు కాలము గడపుటయే తప్పు; ఆ నిర్ణయమును మనకు బదులు త్రుప్పు చేయును. తొలకరి రాకముందే కారును పైకెత్తించి చూడుడు.