తీగలు తగ్గాయి, పని పెరిగింది

అందరూ పల్లకీ ఎక్కేవారైతే మోసేవారెవరన్న సామెత కాలేజీ రాక్ బృందాలకు అతికినట్టు సరిపోతుంది. షిల్లాంగ్ కానివ్వండి, చెన్నై కానివ్వండి, హైదరాబాద్ కానివ్వండి, నలుగురు మిత్రులు కలిసి బృందం కట్టాలనుకుంటే అందులో ముగ్గురు గిటారిస్టులే. డ్రమ్స్ వాయించేవారిని ఎలాగోలా వెతికి పట్టుకుంటారు. బేస్ గిటార్ దగ్గరికి వచ్చేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చివరికి ముగ్గురిలో కాస్త మొహమాటస్తుడి మెడలో ఆ పట్టీ పడుతుంది. అతని ముందున్న మొదటి ప్రశ్న: ఏ బేస్ కొనాలి? చూడటానికిది బజారు బేరంలా కనిపిస్తుంది. నిజానికి అతను రేపు బేస్ వాద్యకారుడవుతాడా, లేక నాలుగు తీగల మీద గిటార్ వాయిస్తూ మిగిలిపోతాడా అన్నది సగం ఆ కొనుగోలులోనే తేలిపోతుంది.

ఈ దారిలో నడిచినవారిలో అందరికన్నా ప్రసిద్ధుడు పాల్ మెకార్ట్నీ. 1961లో బీటిల్స్ బృందం జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో వాయిస్తోంది. బేస్ వాయించే స్టువర్ట్ సట్‌క్లిఫ్ చిత్రలేఖనం చదువుకోవడానికి బృందాన్ని విడిచిపెట్టాడు. బేస్ అంటే వెనక వరుసలో నిలబడేవాడి పని అని అప్పట్లో అందరి అభిప్రాయం. జాన్ లెనన్‌కు గానీ, జార్జ్ హారిసన్‌కు గానీ దాని మీద మోజు లేదు. అప్పటిదాకా గిటార్, పియానో వాయిస్తున్న మెకార్ట్నీకి ఆ పని అంటగట్టారు. అతను హాంబర్గ్‌లో కొన్నది హాఫ్‌నర్ 500/1 అనే వయొలిన్ ఆకారపు బేస్. కారణాలు రెండూ చాలా మామూలివి. అమెరికన్ ఫెండర్ ధరలో మూడో వంతుకే, దాదాపు 30 పౌన్లకు దొరికింది. పైగా అతనిది ఎడమ చేతి వాటం. రెండు వైపులా ఒకేలా ఉండే వాద్యం తిప్పి పట్టుకున్నా వికారంగా కనిపించదు.

అనుకోకుండా కలిసివచ్చిన సంగతి ఇంకొకటుంది. ఆ హాఫ్‌నర్ లోపల డొల్ల కాబట్టి తేలిక. దాని స్కేలు, అంటే తీగ మోగే పొడవు, కేవలం 30 అంగుళాలు. గిటార్‌కు అలవాటుపడిన చేతికి అది పెద్దగా పరాయిది అనిపించదు. మెకార్ట్నీ దాని మీదే బేస్ నేర్చుకున్నాడు, దాని మీదే బేస్‌కు పాడే గుణం తెచ్చాడు. 1965లో అంతకన్నా పొడవైన రికెన్‌బాకర్ చేతికొచ్చాక స్టూడియోలో దాన్నీ విరివిగా వాడాడు. మొదట చేతికి అమిరింది, తర్వాత చెవి కోరింది. వరస అదీ.

బేస్ ఇంత ఇబ్బంది ఎందుకు పెడుతుందో కొలతలు చూస్తే తెలుస్తుంది. 1951లో లియో ఫెండర్ అమెరికాలో ప్రిసిషన్ బేస్‌ను విడుదల చేసేనాటికి మంద్రస్థాయి అంటే మనిషంత ఎత్తున్న డబుల్ బేసే. దాన్ని మోయడం కష్టం, డ్రమ్స్ పక్కన వినిపించడం ఇంకా కష్టం. వీణకు మెట్లున్నట్టు నెక్ మీద ఫ్రెట్లు బిగించి, స్వరం కచ్చితంగా పలికేలా చేశాడు కాబట్టి దానికి ఆ పేరు. దాని స్కేలును ఫెండర్ 34 అంగుళాలుగా తీసుకున్నాడు. నేటికీ అదే ప్రమాణం. స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్ స్కేలు 25.5 అంగుళాలు. మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్ దాకా గిటార్ మీద 3.8 అంగుళాల దూరమైతే ఈ బేస్ మీద 5.1 అంగుళాలు. హాఫ్‌నర్ వంటి 30 అంగుళాల వాద్యం మీద 4.5. గిటార్‌లో వేలికో ఫ్రెట్ చొప్పున వాయించే అలవాటును ఇక్కడికి తెస్తే నెలలోపే మణికట్టు మొరాయిస్తుంది. అందుకే కింది ఫ్రెట్ల దగ్గర అనుభవజ్ఞులు డబుల్ బేస్ పద్ధతి పాటిస్తారు. చూపుడు వేలు, నడిమి వేలు, చిటికెన వేలు మూడింటితో మూడు ఫ్రెట్లే పట్టుకుని, అవసరమైనప్పుడు చేతినే జరుపుతారు. ఉంగరపు వేలు చిటికెన వేలికి దన్నుగా ఉంటుంది.

తీగల సంగతీ అంతే. పేర్లలో తేడా లేదు. గిటార్ కింది నాలుగు తీగలు ఇ, ఎ, డి, జి. బేస్‌వీ అవే, కాకపోతే ఒక స్థాయి దిగువన. గిటార్ మందపు తీగ సెకనుకు 82 సార్లు కంపిస్తే బేస్‌లో దాని జోడీ 41 సార్లే కంపిస్తుంది. ఆ తీగ మందం రెండింతలకు పైమాటే. బిగువూ దాదాపు రెట్టింపు. పేర్లు ఒకటే కావడం వల్ల గిటారిస్టుకు మొదటి రోజే అంతా వచ్చేసినట్టనిపిస్తుంది. ఈ భ్రమే అసలు చిక్కు.

కాబట్టి కొనేముందు రెండు సౌకర్యాల మధ్య తేడా గుర్తించాలి. ఒకటి చేతికి సౌకర్యం. రెండోది అలవాటుకు సౌకర్యం. మొదటిది ఎంత కోరుకున్నా తప్పులేదు. రెండోదే ముంచుతుంది.

చిన్న చేతులవారు, భుజం నొప్పి ఉన్నవారు, గిటార్, బేస్ రెండూ వాయించాల్సినవారు 30 అంగుళాల పొట్టి స్కేలు బేస్ తీసుకుంటే నామోషీ ఏమీ లేదు. 1966లో వచ్చిన ఫెండర్ మస్టాంగ్ బేస్ ఆ కోవలోదే. దాని కింది తీగ కాస్త వదులుగా, గుండ్రంగా మోగుతుంది. పొడవాటి బేస్‌లో వినిపించే ఖణేల్మనే స్పష్టత అందులో తక్కువ. ఇది లోపం కాదు, స్వభావం.

అలవాటుకు సౌకర్యం అంటే ఏమిటో బీటిల్స్ చరిత్రే మరో ఉదాహరణ చూపుతుంది. ఫెండర్ కంపెనీ 1961లో బేస్ 6 అనే ఆరు తీగల వాద్యం తెచ్చింది. శ్రుతి అచ్చంగా గిటార్‌దే, ఒక స్థాయి కింద. తీగలు దగ్గర దగ్గరగా ఉంటాయి. గిటారిస్టు కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ ఉండదు. మెకార్ట్నీ పియానో ముందు కూర్చున్నప్పుడు లెనన్, హారిసన్ దాన్నే చేతబట్టేవారు. ‘ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్’ పాటలో లెనన్ వాయించిన బేస్‌లోని తడబాట్లను విమర్శకులు తర్వాత ఎత్తిచూపారు. బేస్ 6 మంచి వాద్యమే, దానికంటూ ప్రత్యేకమైన నాదం ఉంది. కానీ గిటార్‌కు అతి దగ్గరగా ఉన్న బేస్ చేతిలో ఉన్నంతమాత్రాన లెనన్ బేస్ వాద్యకారుడు కాలేదు. పక్కనే బొమ్మలా కనిపించే వయొలిన్ బేస్‌తో మెకార్ట్నీ అయ్యాడు.

కొత్తవారిలో చాలామంది చివరికి తేల్చుకోవాల్సింది రెండు ఫెండర్ నమూనాల మధ్యే. అసలు ఫెండరే అక్కర్లేదు. ఆ రెండు అచ్చుల్లో యమహా మొదలు కోర్ట్, ఐబనేజ్ దాకా అందరూ ఏదో ఒక రూపంలో తయారుచేస్తున్నారు. 1960లో వచ్చిన జాజ్ బేస్ నెక్ నట్ దగ్గర 38 మిల్లీమీటర్లే. ప్రిసిషన్ నెక్ ఇప్పుడు సాధారణంగా 41 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. గిటారిస్టు ఎడమ చేతికి జాజ్ నెక్ సన్నగా, హాయిగా తోస్తుంది. రెండు పికప్‌లు కావడంతో నాదాన్ని మార్చుకునే వీలూ ఎక్కువ. ప్రిసిషన్‌కు ఒకే పికప్, ఒక వాల్యూమ్, ఒక టోన్. ఏం చేసినా మోగేది దాదాపు ఒకే రకం. అయితే ఆ ఒక్క రకం గిటార్లు, డ్రమ్స్ గోలలోనూ తన చోటు తను వెతుక్కుంటుంది. కొత్తవారి చేతికి బొత్తిగా బరువనిపించకపోతే ప్రిసిషన్‌తో మొదలుపెట్టడమే మేలు. మీటలు తిప్పుతూ గడిపే సమయం వేళ్లకు మిగులుతుంది.

అయిదు తీగల బేస్ తీసుకోవాలా అన్నది తరచుగా వచ్చే మరో ప్రశ్న. నాలుగు తీగల బేస్‌లో అట్టడుగు స్వరం ఇ. గాయకుడి గొంతును బట్టి పాటను డి లేదా సి శ్రుతికి దించినప్పుడు ఆ ఆధార స్వరం కింద దొరకదు, పైకి వెళ్లాల్సిందే. సినిమా పాటలు వాయించే ఆర్కెస్ట్రాల్లో, చర్చి బృందాల్లో శ్రుతి మాటిమాటికీ మారుతుంది కాబట్టి అక్కడ అయిదో తీగ నిజంగా అక్కరకొస్తుంది. సొంత రాక్ పాటలు వాయించుకునేవారికి మొదటి ఏడాది అది బరువే. మోగకుండా ఆపాల్సిన తీగ ఇంకొకటి పెరుగుతుంది. బేస్‌లో సగం విద్య మీటని తీగలను నోరు మూయించడంలోనే ఉంది.

బేస్‌ను వేళ్లతోనే మీటాలి, ప్లెక్ట్రమ్ వాడితే అపచారం అని వాదించేవారున్నారు. కరోల్ కే పేరు వింటే వారు తగ్గాల్సి వస్తుంది. లాస్ ఏంజిలస్‌లో జాజ్ గిటారిస్టుగా పేరు తెచ్చుకున్న ఆమె 1960ల మొదట్లో ఒక రికార్డింగ్‌కు బేస్ వాద్యకారుడు రాకపోతే ఆ స్థానంలో కూర్చుంది. ఆ తర్వాత ఆ నగరపు స్టూడియోల్లో ఊపిరి సలపనంత పని ఉన్న బేస్ కళాకారుల్లో ఒకరైంది. వాడింది ప్రిసిషన్ బేస్, మీటింది ప్లెక్ట్రమ్‌తోనే. అయితే నునుపైన ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసి, నాదం సాగకుండా మెత్తటి గుడ్డ అడ్డుపెట్టేది. అలవాటును కాదు, పనికి కావలసిన నాదాన్ని దృష్టిలో పెట్టుకుంది. తీగలు మారిస్తే సగం బేస్ మారినట్టే. కొత్త వాద్యానికి తొందరపడేముందు ఈ చవకైన మార్గం ప్రయత్నించడం తెలివైన పని.

చాలామంది మరిచిపోయే ఖర్చు ఆంప్లిఫయర్. ఇంట్లో గిటార్ ఆంప్ ఉందిగా అని బేస్‌ను అందులో పెట్టి వాల్యూమ్ పెంచితే ముందు నాదం చెడుతుంది, తర్వాత స్పీకర్ పోతుంది. మంద్ర స్వరాలకు ఎక్కువ గాలిని కదిలించాలి. గిటార్ స్పీకర్ ఆ పనికి తయారైంది కాదు. ఇంట్లో సాధనకు 25 నుంచి 40 వాట్ల బేస్ ఆంప్ చాలు. డ్రమ్స్ పక్కన నిలబడాలంటే 200 వాట్లయినా కావాలి. డబ్బు తక్కువైతే హెడ్‌ఫోన్‌తో సాధన చేసి, వేదిక మీద డీఐ బాక్స్ ద్వారా నేరుగా సౌండ్ సిస్టమ్‌కు కలపొచ్చు. చేతిలో ఉన్న సొమ్మంతా వాద్యానికే పోసి, వినిపించే సాధనం లేకుండా మిగిలితే ప్రయోజనం లేదు.

దుకాణంలో పది నిమిషాలు చాలు. పట్టీ వేసుకుని నిలబడి చేతులు వదిలేయాలి. నెక్ నేల వైపు వాలిపోతే గంటసేపు కచేరీలో ఎడమ చెయ్యి దాన్ని మోయడానికే సరిపోతుంది. సన్నని తీగ మీద అయిదో ఫ్రెట్ నుంచి ఏడో ఫ్రెట్ దాకా ఒక్కో స్వరాన్నీ మోగించి వదలాలి. ఫెండర్ తరహా బేస్‌లలో ఆ ప్రాంతంలో ఒక స్వరం చప్పున చచ్చిపోవడం మామూలే. మరీ ఎక్కువైతే ఇంకొకటి చూసుకోవాలి. నెక్‌ను కంటి దగ్గర పెట్టి వంకర చూడాలి, ట్రస్ రాడ్ తిరుగుతుందో లేదో అడగాలి. విశాఖ, చెన్నై వంటి తీర నగరాల్లో వానాకాలం వచ్చిందంటే కొయ్య కదులుతుంది, ఆ రాడ్‌తో పని పడుతుంది. యాక్టివ్ బేస్ అయితే లోపల బ్యాటరీ ఉంటుంది. వాయించడం అయ్యాక తీగ ఊడదీయకపోతే అది కరిగిపోతూనే ఉంటుంది.

ఇదంతా అయ్యాక మిగిలేది అసలు మార్పు. గిటారిస్టు ఖాళీ కనిపిస్తే నింపుతాడు. బేస్ వాద్యకారుడు ఆ ఖాళీని కాపాడతాడు. కచేరీలో పక్కవాద్యం స్థానం ఏమిటో తెలిసిన తెలుగు శ్రోతకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. పక్కవాద్యం చిన్న వాద్యం కాదు, అది తప్పితే విద్వాంసుడే తడబడతాడు. ఇళయరాజా పాటలతో పెరిగినవారు బేస్ పేరు తెలియకుండానే దాని రుచి ఎరుగుదురు. ఆయన పాటల్లో బేస్ పల్లవి కింద మరో పల్లవిలా నడుస్తుంది. ఆయన స్వయంగా గిటార్ చేతబట్టి వచ్చినవాడు. పైకి వినిపించే తీగకు, కింద మోసే తీగకు తేడా తెలిసినవాడు.

బేస్ కొనబోయే గిటారిస్టు చేయదగిన మంచి పని ఒకటుంది. దుకాణానికి వెళ్లేముందు వారం రోజులు తనకిష్టమైన పాటల్లో గిటార్‌ను వదిలేసి అడుగున నడిచేదాన్నే వినాలి. ఏ నాదం తన చెవిలో నిలిచిందో దాన్ని అడగాలి, చేతికి పట్టేది ఎంచుకోవాలి. రంగు చివర్లో చూసుకోవచ్చు. హాఫ్‌నర్ వంటి చవక వాద్యాన్ని చాలని కొన్న కుర్రవాడి ఉదాహరణ ఎటూ ఉంది. 1972లో లండన్‌లో దొంగిలించిన అతని బేస్ కోసం అన్వేషణ యాభై ఏళ్ల తర్వాత 2024లో అది మళ్లీ అతనికి చేరినట్టు ప్రకటించడంతో ముగిసింది. దాని అసలు ధర 30 పౌన్లు.