వేషమును తూచిన తక్కెడ

1942 ఆగస్టు 11వ తేదీన అమెరికా ప్రభుత్వము సినిమా నటి హెడీ లామర్‌కును, సంగీతకర్త జార్జి ఆంథైల్‌కును ఒక పేటెంటు నొసగెను. టార్పెడోను నడపు రేడియో సంకేతము ఒకే పౌనఃపున్యమున నిలిచినచో శత్రువు దానిని చెఱచును. కావున పంపు యంత్రమును, గ్రహించు యంత్రమును ఏకకాలమున, పియానో మెట్లవలె 88 పౌనఃపున్యములపై గంతులిడవలెనని వారి సూచన.

నౌకాదళము దాని నాదరించెనా? లేదు. ప్రభుత్వము ఆమెచేత యుద్ధబాండ్లు మాత్రము అమ్మించెను! ముఖము పనికివచ్చినది, మేధ పనికిరాలేదు.

1959లో పేటెంటు గడువు తీరెను. దానివలన ఆమెకు గవ్వయు దక్కలేదు. ఆ గంతుల పద్ధతియే నేడు బ్లూటూత్ సాధనములలో సెకనుకు 1600 మార్లు వఱకు మాఱుచు, అంకెలుగా మాఱిన మాటలను మోయుచున్నది.

సర్వమును ఆమెయే కనిపెట్టెనని మేమనము. ఇట్టి యూహ పూర్వము కొందఱకు తట్టినదే. మా యభియోగము వేఱు. మాటను తూచక, పలికినవారి వేషమును తూచుట న్యాయమా? 1997లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వారిరువురను గౌరవించెను. అప్పటికి ఆంథైల్ గతించి 38 ఏండ్లు! పైరెండిన పిదప కురిసిన వాన యెవరికొఱకు? హక్కునకు గడువుండవచ్చును, అన్యాయమునకు గడువు లేదు.