ఆకుపచ్చ తీగ

మొన్న సిరిసిల్లలో మా అక్క ఇంటికి వెళ్లాను. "వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను తుడవబోతే చెయ్యి జివ్వుమంటోందిరా!" అన్నది అక్క నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

మెయిన్ ఆపించి విప్పి చూశాం. తీగలో మూడు పోగులుండగా, బిగించినవాడు ఆకుపచ్చదాన్ని కత్తిరించి పారేసి, రెండు మొనల ప్లగ్గు తగిలించాడు. రేకు రంధ్రం అంచుకు ఒరుసుకొని తీగ తొడుగు చిట్లింది. ఆపైన నూనె జిడ్డు, ఆవిరి తడి!

1970లోనే సొంత సహకార విద్యుత్ సంఘం పెట్టుకున్న ఊరది. మరమగ్గం మోటారుకు ఎర్తు లేనిదే ఒప్పుకోని మా బావ, ఇంత చిన్న ఫ్యానుకెందుకులే అనుకున్నాడట.

కరెంటుకు చిన్నా పెద్దా లేదండీ. రెంటికీ అదే 230 వోల్టులు. ఫేజు తీగ రేకుకు తగిలితే, ఎర్తు బాగున్నచోట కరెంటు ఆ దారిన ఉరికి ఫ్యూజు పోతుంది. ఆ దారి లేకపోతే ముట్టుకున్నవారే దారి.

వైర్‌మన్‌ను పిలిపించాం. రంధ్రానికి రబ్బరు బుష్ వేసి, రేకు రంగు గీకి ఎర్తు తీగను మరతో బిగించాడు. మూడు మొనల ప్లగ్గులో ఆ తీగను మాత్రం కాస్త పొడుగ్గా వదిలాడు. ఎవరైనా గుంజినా చివరకు ఊడేది అదే కావాలట. గోడలోని మూడో రంధ్రానికి నిజంగా ఎర్తు ఉన్నదో లేదో కూడా దీపం పెట్టి చూశాడు. పాత ఇళ్లలో అది ఉత్త అలంకారం!

"కోరుట్లలో అమ్మాయి ఇంట్లోనూ రెండు మొనలదేరా" అన్నది అక్క మెల్లగా.

ఆ సాయంత్రం జగిత్యాలలో దిగి ఇంటికి పోకుండానే, కోరుట్ల బస్సెక్కాను.