మూగజీవి పేరిట ఒక పద్దు

కౌపీన సంరక్షణ కోసం పిల్లిని పెంచిన సన్యాసి కథ ఎరుగని తెలుగువారు అరుదు. ఎలుకలు గోచిని కొరుకుతున్నాయని ఆయన పిల్లిని తెచ్చాడు. పిల్లికి పాల కోసం ఆవును, ఆవుకు మేత కోసం పొలాన్ని, పొలం పనికి మనుషులను సమకూర్చుకొని, తుదకు సంసారియై కూర్చున్నాడు. ఈ కథ విని మనం నవ్వుతాం. కాని ఆ సన్యాసిలో ఒక సుగుణం ఉన్నది. తెచ్చిన పిల్లిని ఆయన పస్తుంచలేదు, వీధిలో విడిచిపెట్టలేదు. దాని ఖర్చు ఎంత దూరం పోయినా తానే భరించాడు. ముచ్చటపడి కుక్కపిల్లనో పిల్లికూననో ఇంటికి తెచ్చుకొనే నేటివారిలో ఆ మాత్రపు బాధ్యత ఎందరికున్నదని మేము ప్రశ్నింపదలచాము.

పల్నాటికి కుక్క క్రొత్తది కాదు. గొర్రెల మందను కాచే కుక్క, మిరప కల్లం దగ్గర కాపలా పడుకొనే కుక్క తమ కూడు తామే సంపాదించుకొంటాయి. యజమాని పెట్టే ముద్ద వాటికి జీతం వంటిది. నరసరావుపేటలోనో, మాచర్లలోనో, అద్దె వాటాలో పెరిగే కుక్క సంగతి వేరు. దానికి పని లేదు. అది పూర్తిగా మన సంపాదన మీద ఆధారపడిన కుటుంబ సభ్యురాలు. అయినను ఇంటి ఖర్చుల పద్దులో దాని పేరు వ్రాసుకొనేవారు అరుదు. “స్నేహితుడు ఊరికే ఇచ్చాడు, డబ్బేమీ పెట్టలేదు” అంటారు.

ఊరికే వచ్చిన ఆ కుక్కపిల్ల లెక్క ఒకసారి చూతము. రోజుకు పావుకిలో బియ్యం, ఒక గ్రుడ్డు మాత్రమే పెట్టుదుమనుకొందాం. బియ్యం కిలో 50 రూపాయలు, గ్రుడ్డు 6 రూపాయలు అనుకొన్నచో ఏడాదికి 6,750 రూపాయలు దాటుతుంది. కుక్క పన్నెండేళ్ళు బ్రతికితే, ధరలు ఒక్క పైసా పెరగకున్నను, 81,000 రూపాయలు. మాంసం గాని, పాలు గాని, మందులు గాని ఇందులో చేరలేదు.

ఇక కంటికి కనిపించని పద్దులున్నవి. మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా, ఆపై వైద్యుడు చెప్పిన గడువు ప్రకారం మరల మరల టీకాలు, నులిపురుగుల మందు, కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వంటి వ్యాధులకు వేరే టీకాలు, సంతానం కలుగకుండా శస్త్రచికిత్స. ఈ చివరి ఖర్చుకు వెనుదీసినవారికి రెండు నెలల గర్భం తరువాత నాలుగైదు పిల్లలు ఎదురవుతాయి. ఇల్లు మారవలసి వచ్చినపుడు జంతువు వద్దనే యజమాని, పండుగకు ఊరు వెళ్ళినపుడు దానిని చూచే దిక్కు, ఇవన్నీ ముందే ఆలోచింపవలసినవి. ఎండకు పేరుమోసిన రెంటచింతల మన పల్నాటిలోనిదే. మనవలె ఒళ్ళంతా చెమటోడ్చి చల్లబడే శక్తి కుక్కకు లేదు. నాలుక చాచి రొప్పుటే దాని ఉపాయం. వేసవిలో దానికి నీడ, నీరు అమర్చుటకు డబ్బు కన్న శ్రద్ధ ఎక్కువ కావాలి.

ఈ లెక్క వేసుకొననివారు ఖర్చును తప్పించుకొన్నామనుకొంటారు. నిజానికి దానిని ఇతరుల నెత్తిన వేస్తున్నారు. పెంచలేక వదలిన కుక్క వీధికుక్క అవుతుంది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కల శస్త్రచికిత్స, టీకాల భారం స్థానిక సంస్థలది, అనగా ప్రజల సొమ్ముది. టీకా లేని కుక్కకు రేబీస్ సోకి, అది కూలికి పోయే తల్లి బిడ్డను కరిస్తే? ప్రభుత్వ వైద్యశాలలో సూది ఉచితమే. కాని మొదటి రోజు, మూడవ రోజు, ఏడవ రోజు, ఇరువదెనిమిదవ రోజు బిడ్డను తీసుకొని పోవలసిన ఆ తల్లికి నాలుగు నాళ్ళ కూలి పోతుంది. సూది వేయించడంలో ఆలస్యమై వ్యాధి లక్షణాలు పైకి వచ్చినచో బ్రతికించే వైద్యం దాదాపు లేదు. మనం మిగుల్చుకొన్న టీకా ఖర్చు వేరొకరి ఇంటి దీపంతో తీరుతుంది.

జంతువును ఆకలిదప్పులకు వదలిపెట్టుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం మొదటి తప్పునకు విధించిన జరిమానా పది నుండి యాభై రూపాయలు. పైన చెప్పిన లెక్కలో దానికి పది గ్రుడ్లయినా రావు! కనుక చట్టభయం కన్న ధర్మభయమే ఇక్కడ శరణ్యం. పిల్లిని కట్టివేసి, తాను తిండి పెట్టక, బయట వెదకికొని తిననీయక చంపిన స్త్రీ శిక్షకు పాత్రురాలైనదని హదీసు హెచ్చరిస్తున్నది. తనను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్న ధర్మరాజును మహాభారతం చూపుతున్నది. రెండు సంప్రదాయాలూ చెప్పేది ఒక్కటే: మన చేతిలో పడిన ప్రాణికి మనమే జవాబుదారులం.

అట్లయిన జంతుప్రేమ ధనవంతుల సొత్తా అని కొందరడుగవచ్చును. కాదు. ఖరీదైన విదేశీ జాతుల కన్న మన ఎండకు అలవాటుపడిన నాటు కుక్క తక్కువలో పెరుగుతుంది. పాశ్చర్ 1885లో తొలిసారి ఒక బాలునికి రేబీస్ టీకా ఇచ్చిన జూలై 6వ తేదీన పశువైద్యశాలలలో ఉచిత టీకాలు వేసే ఆనవాయితీ ఉన్నది; దానిని వినియోగించుకొనవచ్చును. నెలకింత అని ఒక డబ్బాలో వేసుకొంటే జబ్బు చేసిన నాడు అప్పు చేయనక్కరలేదు. కావలసినది సంపద కాదు, ముందుచూపు.

ఉగాదినాడు మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని ఆసక్తిగా వింటాం. అంతటి ఆసక్తితో విద్యార్థి మిత్రులు ఒక కాగితం తీసికొని, తేదలచిన జీవికి ఏటి ఖర్చు వ్రాసి, ఇంట్లో పెద్దలకు చూపవలసినదని మా మనవి. అది భరింపగలమని తోస్తే సంతోషంగా తెచ్చుకొనండి. తోచనిచో, ఎండాకాలంలో గడప ముందు ఒక మూకుడులో నీళ్ళు పెట్టండి. పెంచలేనపుడు తెచ్చుకొనకుండుట కూడా దయయే.