గ్రంథాలయము ఊరి రచ్చబండ కావలయును

ఒక యూరి స్థితిగతులను దెలిసికొనగోరువారు ఆ యూరి యంగడిని, బడిని, గ్రంథాలయమును జూచిన జాలును. ఊరివారు ఏమి తినుచున్నారో యంగడి చెప్పును. వారి బిడ్డలు రేపు ఏమి కాగలరో బడి చెప్పును. వారు ఒకరితో నొకరు ఏ విషయములను గూర్చి ముచ్చటించుకొనుచున్నారో గ్రంథాలయము చెప్పును. ఈ మూడవది మూగవోయిన యూరు ఎంత సిరిసంపదలతో దులతూగుచున్నను తన్ను దాను ఎరుగని యూరే యగును.

నేడు మన చిన్న పట్టణములలోని గ్రంథాలయములకు బోయి చూచినచో సాధారణముగా రెండు తెగలవారు కనబడుదురు. ఉదయమున వార్తాపత్రికలు చదువు పెద్దలు ఒక తెగ. ఉద్యోగ పరీక్షలకై దినమంతయు శ్రమించు యువకులు రెండవ తెగ. వీరిలో నెవ్వరిని గూడ తక్కువగా జూడరాదు. ఇరుకు గదిలో నలుగురితో గలిసి యుండు పేదవాని కుమారునకు ఒక బల్లయు, ఒక దీపమును, కొంత నిశ్శబ్దమును లభించుట సామాన్యమైన మేలు గాదు. అయినను, పనిపాటలు చేసికొను స్త్రీలు, కూలినాలి చేయువారు, బడిపిల్లలు అచ్చట కనబడకున్నచో ఆ గ్రంథాలయము సగము ఊరికి మాత్రమే తలుపు తెరిచినదని యనవలయును.

మన పెద్దలు గ్రంథాలయమును ఇట్లు భావింపలేదు. 1914వ సంవత్సరము ఏప్రిల్ నెలలో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రతినిధులు మొదటి మహాసభ జరుపుకొనిరి. మరుసటి సంవత్సరము శ్రీ అయ్యంకి వెంకటరమణయ్యగారు ‘గ్రంథాలయ సర్వస్వము’ అను పత్రికను స్థాపించిరి. ఆ యుద్యమమున బాటుపడినవారు పుస్తకములను బీరువాలలో నుంచి చదువరుల రాకకై యెదురుచూచుచు గూర్చుండలేదు. ఊరూర యాత్రలు సలిపిరి, సభలు జరిపిరి, రాత్రి పాఠశాలలు నడపిరి. 1935లో శ్రీ పాతూరి నాగభూషణముగారు మొదలగువారు తెనాలి ప్రాంతమున కాలువపై పడవలో పుస్తకములను నింపి గట్టుననున్న గ్రామములకు జేర్చిరి. ప్రజలు రాలేని చోటికి పుస్తకమే పోవలయునని వారి నిశ్చయము.

వేటపాలెము చేనేతకు, జీడిపప్పునకు పేరుగన్న చిన్న యూరు. అచ్చటి సారస్వత నికేతనము 1918లో కొందరు యువకుల సంఘముగా మొదలై, దేశవిదేశముల పరిశోధకులు వెదకికొని వచ్చు స్థానముగా బెరిగినది. 1929లో మహాత్మాగాంధీగారు దాని భవనమునకు శంకుస్థాపన చేసిరి. ఎన్నో పెద్ద నగరములలో దొరకని పాత తెలుగు పత్రికల సంపుటములు అచ్చట భద్రముగా నున్నవి. ఒకనాటి వార్త మరునాటికి పొట్లము కాగితమగుట లోకసహజము. దానిని కుట్టి దాచినవారుండుటచేతనే అది నేడు చరిత్రయైనది. ఒక చిన్న యూరివారు తలచిన నెంత కార్యము సాధింపవచ్చునో ఇంతకన్న వేరు నిదర్శన మక్కరలేదు.

స్వాతంత్ర్యానంతరము గ్రంథాలయములకు చట్టబలము గూడ చేకూరినది. 1948లో మద్రాసు రాష్ట్రమునను, 1960లో ఆంధ్రప్రదేశమునను పౌర గ్రంథాలయముల చట్టములు వెలువడినవి. వానిని బట్టి ఇంటిపన్నుతో బాటు గ్రంథాలయ సుంకము వసూలగుచున్నది. కాని ఇల్లలుకగానే పండుగ కాదు. వసూలైన సొమ్ము గ్రంథాలయ సంస్థలకు సకాలమున చేరుట లేదని పత్రికలలో పలుమార్లు ఫిర్యాదులు వచ్చినవి. అంతకన్న పెద్ద లోప మొకటి గలదు. సుంకము చెల్లించు గృహస్థులలో పెక్కుమంది అట్టి సుంకమును దాము చెల్లించుచున్నామనియే యెరుగరు. తనదని యెరుగని సొత్తును గూర్చి ఎవ్వడు విచారించును?

చేతిలో ఫోను ఉండగా గ్రంథాలయ మేల యని కొందరడుగుచున్నారు. ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. దూరదేశపు వార్త క్షణములో తెలియుట గొప్ప సౌకర్యమే. అయినను మన చెరువుగట్టు ఏల తెగినదో, మన వీధి పాఠశాలలో ఉపాధ్యాయులెందరు కావలయునో నలుగురు కూర్చుండి తర్కించుటకు ఒక చోటు కావలయును గదా! ఫోనులో ఎవరికి ఇష్టమైన మాట వారికే తరచు వినబడును. గ్రంథాలయపు బల్లపై మనకు నచ్చని పత్రిక గూడ నుండును, మనతో నేకీభవింపని పొరుగువాడును గూర్చుండియుండును. ఓర్పుతో వినుట నేర్పు బడి అదియే.

కావున ఈ పత్రికను జదువు విద్యార్థులకు రెండు మనవులు. మొదటిది, ప్రతివారును ఊరి గ్రంథాలయమున సభ్యులై పుస్తకము నింటికి దెచ్చుకొని, వారమున కొక సాయంకాలమైనను ఇంటిలోని పెద్దలకు బిగ్గరగా జదివి వినిపింపవలయును. అక్షరము రాని అవ్వకు మనుమరాలి కంఠమే గ్రంథాలయము. నాటి పడవ చేసిన పనిని నేడు మీ చేతిసంచి చేయగలదు. రెండవది, గ్రంథపాలకుని యనుమతితో ఒక గోడబల్లపై ఊరి వార్తలను వారము వారము వ్రాసి యుంచవలయును. వైద్యశిబిరము, పంటల ధరలు, పాఠశాల ఫలితములు, క్రొత్తగా వచ్చిన పుస్తకముల పేర్లు అందుండవచ్చును. ఆ కాగితములను పారవేయక ఏటేట కుట్టి దాచినచో ఏబది యేండ్లకు అవి మీ యూరి చరిత్ర యగును.

తలిదండ్రులకును ఒక విన్నపము. పన్ను రసీదును ఒకమారు పరికించి, గ్రంథాలయమునకై వసూలైన సొమ్ము ఎంత, చేరిన దెంత యని మీ ప్రతినిధులను మర్యాదగా నడుగుడు. పని ముగించుకొని వచ్చువారికి అనుకూలమగు వేళలలో తలుపులు తెరచి యుంచుమని కోరుడు. ఉపాధ్యాయులు నెలకొక తరగతిని అచ్చటికి గొనిపోయిన యెడల బాలురకు, బాలికలకు ఆ గడప పరిచితమగును.

ప్రతి సంవత్సరము నవంబరు 14 మొదలు 20 వరకు గ్రంథాలయ వారోత్సవములు జరుగుచున్నవి. తోరణములు కట్టుట, ఉపన్యాసములు వినుట మంచివే. కాని ఉత్సవము ముగిసిన మరునాడు, అనగా 21వ తేదీని, ఆ గదిలో ఎందరు క్రొత్తవారు కూర్చుండి యున్నారో లెక్కింపుడు. ఉత్సవము సఫలమైనదో లేదో ఆ లెక్కయే చెప్పును.