ఎవరి పిల్లాడి పతకానికో చప్పట్లు, మన పిల్ల చక్రాలకి గోనెసంచి

2025 సెప్టెంబరులో మా బంధువుల వాట్సాప్ గ్రూపు నిండా ఒకటే చప్పట్ల బొమ్మలు. ఎందుకంటే చెన్నై కుర్రాడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ చైనాలోని బేయ్‌డైహెలో జరిగిన ప్రపంచ స్పీడ్ స్కేటింగ్ పోటీల్లో బంగారు పతకాలు కొట్టాడు. ఒకటి వెయ్యి మీటర్లలో, ఇంకొకటి 42 కిలోమీటర్ల మారథాన్‌లో. 22 ఏళ్ళ పిల్లాడు. "శభాష్", "తల్లిదండ్రుల పుణ్యం", "ఇలాంటి కొడుకుని కన్న తల్లి ధన్యురాలు" అని ఒకరి తర్వాత ఒకరు. నేనూ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాను. అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఆ రాత్రే హైదరాబాద్ హాస్టల్ నుంచి మా పెద్దది ఫోను చేసింది. "అమ్మా, నేను మళ్ళీ స్కేటింగ్ మొదలుపెడతా. ఎప్పటికైనా 42 కిలోమీటర్లు చేస్తా" అంది. నోరు ఊరుకోక నేను ఆ మాట గ్రూపులో పెట్టాను. చప్పట్లు కొట్టిన చేతులన్నీ ఎటు పోయాయో! గంటసేపు గ్రూపు నిద్రపోయింది. తర్వాత మా వదిన ఒకావిడ రాసింది: "ఇంజనీరింగ్ రెండో ఏడు. ఇంకో రెండేళ్ళలో పెళ్ళి ఈడు. కాలో చెయ్యో విరిగితే ఏం చేస్తావమ్మా? ఆడపిల్లకి చక్రాలెందుకు?"

వదినా, మీకు గ్రూపులో జవాబు రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దదే అవుతుంది. కోపం మీ ఒక్కరి మీదే కాదు, ఇందులో నా వంతు కూడా ఉంది, అది ముందు చెప్తాను.

2014 వేసవి. పిల్లకి ఎనిమిదేళ్ళు. పాల్వంచలో మా పుట్టింట్లో సెలవులకి వదిలితే, అక్కడ వేసవి శిబిరంలో స్కేటింగ్ నేర్చుకుంది. మొదట ముందు రెండు, వెనక రెండు చక్రాలుండేవి వేసుకుంది. మూడో వేసవికి, ఒకే వరసలో నాలుగు చక్రాలుండే ఇన్‌లైన్ బూట్లు మా నాన్న కొనిచ్చాడు. బూర్గంపాడు వచ్చాక మా వీధి సీసీ రోడ్డే దానికి మైదానం. ఆగస్టు పదిహేనుకి చేతిలో జెండా పట్టుకుని, స్కేట్లేసుకుని స్కూలు చుట్టూ తిరిగితే ఊరంతా ముచ్చటపడింది. మీరూ ఫోటో తీసుకున్నారు వదినా, ఆ ఫోటో మీ ఆల్బంలో ఇంకా ఉంది.

పన్నెండేళ్ళకి పెద్దమనిషి అయింది. ఫంక్షను చేశాం, చీర కట్టాం, భోజనాలు పెట్టాం. ఆ వారంలోనే స్కేట్లు యూరియా సంచిలో కట్టి అటక మీద పడేశాను. ఎవరూ చెప్పలేదు. మా అత్తయ్య అనలేదు, మా ఆయన అనలేదు. నా అంతట నేనే చేశాను. మా అమ్మ నా తాడాట తాడు ఎట్లా దాచిందో అట్లాగే. పిల్ల రెండుసార్లు అడిగింది. "చదువుకోవే" అన్నాను. మూడోసారి అడగలేదు. అడగడం మానేస్తే మర్చిపోయిందనుకున్నాను. అక్కడే పొరపడ్డాను.

2022 జులైలో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఆ జులై 16న నీళ్ళు 71 అడుగులు దాటాయి. అవతల గోదావరి, ఇవతల కిన్నెరసాని ఎగదన్నితే మా ఊరి పరిస్థితి ఏమిటో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. ట్రాక్టరు వచ్చి నిలబడింది, పది నిమిషాల టైము. నేను బియ్యం, కాయితాలు, పుస్తెలతాడు, గ్యాసు పుస్తకం సర్దుతుంటే, ఇది స్టూలేసుకుని అటకెక్కి ఆ యూరియా సంచి దించింది. "ప్రాణాల మీదికొస్తే ఆ చక్రాలెందుకే నీకు?" అని అరిచాను. ఏమీ అనలేదు. మంచం మీద పెట్టేసి ట్రాక్టరెక్కింది. తిరిగొచ్చేసరికి ఇంట్లో మోకాలి లోతు ఒండ్రు. చక్రాల్లో, బేరింగుల్లో అంతా మట్టి. అటక దాకా నీళ్ళు రాలేదు. నేను అరవకుండా ఉంటే ట్రాక్టరులో వచ్చేవి, అది దించకుండా ఉంటే అటక మీద పొడిగా ఉండేవి. పిల్లకి పదహారేళ్ళు అప్పుడు. నాలుగేళ్ళు ఆ సంచి ఎక్కడుందో గుర్తుపెట్టుకుంది!

ఇది నా తప్పు. ఇక మీ ప్రశ్నకి వస్తాను.

కాలు విరుగుతుందా? విరగొచ్చు. స్కేటింగ్‌లో పడకుండా నేర్చుకున్నవాళ్ళు లేరు. అందుకే తలకి హెల్మెట్, మోకాళ్ళకి, మోచేతులకి, మణికట్లకి పట్టీలు కడతారు. మొట్టమొదట నేర్పేదే ఎట్లా పడాలో. మారథాన్‌కి వెళ్ళేవాళ్ళ వేగం మామూలు వేగం కాదు. మంచి మగ పోటీదారులు 42 కిలోమీటర్లు దాదాపు గంటలో పూర్తి చేస్తారు. అంటే మనం కొత్తగూడెంలో ఆటో మాట్లాడుకుని భద్రాచలం రామయ్య దగ్గర దిగడానికి పట్టేంత టైములో, సొంత కాళ్ళ మీద! గుంపులో ముందువాళ్ళ వీపు వెనక నక్కి గాలి తప్పించుకుంటూ, వంతులవారీగా ముందుకొస్తూ పోతారు. లారీ వెనక సైకిలు తొక్కే కుర్రాళ్ళకి ఈ కిటుకు బాగా తెలుసు. ఇంత వేగంలో దెబ్బ తగిలితే తేలిగ్గా తగలదు. ఒప్పుకుంటున్నాను.

మరి మన మగపిల్లల సంగతేమిటి? సారపాక రోడ్డు మీద పొద్దస్తమానం జామాయిల్ కర్ర లోడు లారీలు పేపరు మిల్లుకి వెళ్తూనే ఉంటాయి. ఆ లారీల మధ్యలో పదిహేనేళ్ళ పిల్లాడు, లైసెన్సు లేదు, హెల్మెట్ లేదు, వెనక ఇద్దర్ని ఎక్కించుకుని బండి మీద పోతుంటే "మావాడు బాగా తోలతాడు" అని మురిసిపోయేది మనం కాదా? మీ చిన్నోడు పోయినేడు పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, కట్టు విప్పిన నెలకే కొత్త బండి బుక్ చేశారు. వాడి పెళ్ళికి ఆ చెయ్యి అడ్డమని ఎవరైనా అన్నారా? అదే ఆడపిల్ల, అన్ని రక్షణలూ కట్టుకుని, పోలీసులు బళ్ళు ఆపేసిన ఖాళీ రోడ్డు మీద పరిగెడతానంటే మాత్రం దాని ఎముకలు గాజువి అయిపోతాయి!

మా ఊరి రోడ్డు మీద సాధన చెయ్యమని నేను అనను. చేస్తే నేనే కాళ్ళు విరగ్గొడతాను. గుంతలు, ఇసుక, లారీలు. దానికి మూసిన మైదానాలుంటాయి, నేర్పేవాళ్ళుంటారు. మన జిల్లాలో అలాంటివి ఎందుకు లేవని అడగాల్సిన మనం, ఉన్న నగరంలో ఉన్న పిల్లని కూడా వద్దంటున్నాం.

ఇంకో మాట గ్రూపులో ఎవరూ రాయలేదు గానీ, ఫోనులో ఇద్దరు మెల్లగా అన్నారు. "అన్ని గంటలు కాళ్ళు జాపి ఆ ఊపుడు ఊపితే రేపు కడుపు నిలుస్తుందా?" అని. ఈ భయం మన ఊళ్ళో పుట్టింది కాదు. అమెరికాలో కూడా, ఆడది అంత దూరం పరిగెడితే గర్భసంచి జారిపోతుందని చెప్పేవాళ్ళు. 1967లో బోస్టన్ మారథాన్‌లో కాథరీన్ స్విట్జర్ అనే అమ్మాయి నంబరు కట్టుకుని పరిగెడుతుంటే, పోటీ నిర్వాహకుడొకడు రోడ్డు మీదే పడి ఆ నంబరు పీకబోయాడు. ఆ ఫోటో లోకమంతా చూసింది. అయినా ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి మారథాన్ పెట్టడానికి 1984 దాకా పట్టింది. ఇన్నేళ్ళుగా లక్షల మంది ఆడవాళ్ళు పరిగెడుతున్నారు, పిల్లల్ని కంటున్నారు, మళ్ళీ పరిగెడుతున్నారు. ఎవరికీ ఏదీ జారిపోలేదు.

అంత దూరం ఎందుకు, మన మిరపతోటలకి రండి. తెల్లారకముందే ట్రాలీ ఆటోల్లో నిలబడి వచ్చే ఆడకూలీలు సాయంత్రం దాకా నడుములు వంచే ఉంటారు. స్కేటింగ్‌లోనూ మోకాళ్ళు మడిచి నడుము వంచే ఉండాలి, గంటో రెండు గంటలో. వేసవిలో అడవి పక్క ఊళ్ళ కోయ ఆడవాళ్ళు తునికాకు కోసం ఎంత దూరం నడుస్తారో, ఎంత బరువు నెత్తిన పెట్టుకొస్తారో మనం చూడట్లేదా? నెలలు నిండుతున్న మనిషి నాట్లేస్తుంటే "కడుపు జాగ్రత్తమ్మా" అని గట్టు మీద నుంచి ఎంతమందిమి అన్నాం? పనికి వంగితే నడుము నొప్పి రాదు, ఆటకి వంగితేనే వస్తుంది. ఇంటికోసం నడిస్తే కాలు విరగదు, తనకోసం పోతేనే విరుగుతుంది. మన భయం లెక్క ఇట్లా ఉంది.

బట్టల సంగతి కూడా తేల్చేస్తాను. ఒంటికి అతుక్కున్న ఆ సూటు గాలికి అడ్డు పడకుండా వేసుకునేది. 2023 అక్టోబరు 2న, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు వేల మీటర్ల రిలేలో మన ఆడపిల్లలు నలుగురు కాంస్యం తెచ్చారు. సంజన బత్తుల, కార్తిక జగదీశ్వరన్, హీరల్ సాధు, ఆరతి కస్తూరిరాజ్. ఆ సూట్లలోనే పరిగెత్తారు, మీదుగా జెండా కప్పుకున్నారు. అదే రోజు మగపిల్లల జట్టుకీ కాంస్యమే వచ్చింది. ఆ నలుగురు ఆడపిల్లల పేర్లు మన గ్రూపులో ఎవరైనా పెట్టారా? నేను వెనక్కి వెళ్ళి వెతికాను. ఆ రోజు గాంధీ జయంతి శుభాకాంక్షలు పదకొండు ఉన్నాయి, ఒక నిమ్మకాయ పచ్చడి వీడియో ఉంది.

"సరే, ఇది పతకం తెస్తుందా మరి?" అని మా ఆయన అడిగాడు. ఆయన మంచివాడే, లెక్కల మనిషి. తేదు. ఏడేళ్ళు చక్రాలు తొడగని పిల్ల ఎక్కడ తెస్తుంది? కానీ ఇక్కడ ఒక సంగతి ఉంది. బెర్లిన్‌లో పరుగు మారథాన్‌కి ముందురోజు శనివారం స్కేటింగ్ మారథాన్ జరుగుతుంది. వేలమంది వస్తారు. మొదట పోయే పాతిక మందో ముప్పై మందో పందెం కోసం, మిగతా అందరూ ఆ దూరం పూర్తి చెయ్యడం కోసం. యాభై దాటినవాళ్ళకి, అరవై దాటినవాళ్ళకి వయసుల వారీగా విడిగా వరసలుంటాయి. అది చూసి నాకు కొంచెం సిగ్గేసింది. అరవై ఏళ్ళ ఆడమనిషి హెల్మెట్ పెట్టుకుని నవ్వుతూ పోతోంది. నాకు నలభై నాలుగు, మెట్లెక్కితే మోకాలు పట్టుకుంటాను.

మగపిల్లాడు సాయంత్రం క్రికెట్‌కి పోతే "ఐపీఎల్‌కి సెలక్టవుతావా?" అని ఎవరూ అడగరు. ఆడుకోడానికి వెళ్ళాడంతే. ఆడపిల్ల మాత్రం పతకం చూపిస్తేనే ఆడినట్టు. పతకం తెచ్చాక "మన పిల్ల" అని మనమే ఫ్లెక్సీ కడతాం. తెచ్చేలోపు పదేళ్ళు అది ఎవరి పిల్ల?

కొందరు కోచింగ్ సెంటర్ల వాళ్ళ మీద కూడా నాకు కోపముంది. ఆరేళ్ళ పిల్లల్ని గంటలకొద్దీ ఎండలో తిప్పి ఏదో రికార్డని కాయితం చేతిలో పెడతారు. తల్లిదండ్రులం దాన్ని ఫ్రేము కట్టించుకుంటాం. చిన్నప్పుడు అతి చేస్తాం, పెద్దయ్యాక అసలే ఆపేస్తాం. పిల్లకి ఆట ఇష్టమా కాదా అన్నది రెండు చోట్లా ఎవరూ అడగరు. దాని గురించి ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు రాస్తే కూర మాడుతుంది.

ఇప్పుడు జరిగిందేమిటంటే, కొత్త బూట్ల ధర పిల్ల చెప్తే విని కాసేపు కుర్చీలో కూర్చున్నాను. పోటీకి పనికొచ్చేవి కొనాలంటే మా ఆయన పాత బండి అమ్మాలి. అందుకని ముందు నేర్చుకునేవాళ్ళ రకం, అవి కూడా ఎవరో వాడినవి, కొంటానంది. నా చీటీ డబ్బుల్లోంచి పంపించాను. హెల్మెట్ మాత్రం కొత్తదే కొనమన్నాను, ఆ మాట మీద ఇద్దరం అరగంట పోట్లాడుకున్నాం. వారానికి రెండు పొద్దులు, అయిదింటికి, హాస్టల్ స్నేహితురాలిని తోడు తీసుకుని వెళ్తోంది. మొదటివారం పడింది. మోచెయ్యి ఫోటో పంపింది. పసుపు పెట్టుకోవే అన్నాను. మా అత్తయ్య ఆ ఫోటో చూసి, "మా కాలంలో ఇంతకంటే పెద్ద దెబ్బలు బావి దగ్గర తగిలేవి" అని ఫోను తిరిగిచ్చేసింది.

ఒండ్రు పట్టిన పాత జత ఇప్పుడు దానికి పట్టదు. బేరింగులు ఊడదీసి కిరోసిన్‌లో నానబెట్టాను. సగం తిరుగుతున్నాయి, సగం తుప్పు. మా పక్కింటి నాలుగో తరగతి పిల్ల రోజూ వచ్చి అవి ఎంతవరకొచ్చాయో చూసి పోతోంది.

వచ్చే నెల మీ ఇంట్లో గృహప్రవేశం కదా వదినా. పిల్ల కూడా వస్తోంది. మోచేతి మీద మచ్చ కనపడుతుంది, అదేమిటని అందరిముందూ అడగండి. అదే చెప్తుంది.